281 రోజులు ఆగకుండా నడిచిన కంప్యూటరు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. విషయం "కంప్యూటర్ల భద్రత" అన్నారు. అంత పెద్ద విషయం మాట్లాడే అర్హత నాకు లేదు. మన సంఘం ఆఫీసులో కిటికీ పక్కన పెట్టిన కంప్యూటరు గురించీ, దాని విషయంలో నేను చేసిన తప్పు గురించీ చెబుతాను. చెప్పాక మీ అందరి దగ్గరా ఒక అనుమతి అడుగుతాను. నెలకు ఒక గంట.

ఆ గంట గురించి గత నెలలోనే ఇద్దరు మిత్రులు నా మీద కోప్పడ్డారు. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చేసరికి కంప్యూటరు మీద "మరమ్మతులో ఉన్నది" అని నేను పెట్టిన అట్టముక్క కనిపించిందట. "నడుస్తున్నదాన్ని ఆపి మరమ్మతు ఏమిటయ్యా, చెడిపోతే గదా బాగు చెయ్యాలి" అన్నారు. న్యాయమైన ప్రశ్న. నాలుగేళ్ళ క్రితం అయితే నేనూ అదే అనేవాణ్ణి.

ముందు ఆ కంప్యూటరులో ఏముందో గుర్తు చేస్తాను. మన సభ్యులందరి పి.పి.ఓ. నంబర్లు, బ్యాంకు ఖాతాలు, నామినీల పేర్లు, మెడికల్ బిల్లుల ప్రతులు, మరణానంతర సహాయ నిధి లెక్కలు. వానాకాలంలో పాత బీరువా తడిసి నామినేషన్ కాగితాలు పాడైపోయినప్పుడు, అంతకు ముందే స్కాన్ చేసి పెట్టుకున్న ప్రతులే మనకు దిక్కయ్యాయి. వాటిలో కొన్నింటికి అసలు కాగితం ఇప్పుడు ఎక్కడా లేదు. అదొక్కటే గాక, సభ్యులూ వాళ్ళ పిల్లలూ వచ్చి దరఖాస్తులు టైపు చేసుకోవడానికి అదే యంత్రంలో వేరే ఖాతా ఒకటి తెరిచి పెట్టాం. దాని పాస్‌వర్డు గోడ మీదే రాసి ఉండేది. ఆ ఖాతాలో కూర్చున్నవారికి మన రికార్డులు కనబడవు, ముట్టుకోవడానికి వీలు లేదు. అందుకని నాకు ధైర్యం.

ఆ యంత్రంలో విండోస్ లేదు, లైనక్స్ ఉంది. ఉబుంటు అనే రకం. కొనే పని లేదు గనక నేనే పట్టుబట్టి పెట్టించాను. 1991లో ఫిన్లాండ్ దేశంలో హెల్సింకీ విశ్వవిద్యాలయం విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలు పెట్టిన పని అది. మీ జేబుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నది కూడా అదే లైనక్స్ కెర్నెల్.

కెర్నెల్ అంటే ఏమిటని అడుగుతారు. కొబ్బరికాయ తీసుకోండి. పైన చిప్ప, లోపల కొబ్బరి. యూనిక్స్ కాలం నుంచీ కంప్యూటరు వాళ్ళు ఈ పోలికే వాడుతున్నారు. మనం ఆదేశాలు టైపు చేసే పై భాగాన్ని షెల్ అన్నారు, అంటే చిప్ప. లోపలి పలుకును కెర్నెల్ అన్నారు. మన భాషలో చెప్పుకోవాలంటే కెర్నెల్ సబ్‌స్టేషన్ కంట్రోల్ రూము లాంటిది. ఫీడర్ మీద ఎవరు ఏం చేయాలన్నా అక్కడి షిఫ్ట్ ఆపరేటర్‌ను అడగాల్సిందే గాని ఎవరికి వారు వెళ్ళి బ్రేకర్ ముట్టుకోరు గదా. అలాగే కంప్యూటరులో ఏ ప్రోగ్రాము అయినా డిస్కు మీద రాయాలన్నా, మెమరీలో చోటు కావాలన్నా, ప్రింటరు కదపాలన్నా కెర్నెల్‌నే అడగాలి. ఎవరు ఏ ఫైలు చదవచ్చు, ఎవరు మార్చవచ్చు అనేది కూడా అదే కాపలా కాస్తుంది. గోడ మీద పాస్‌వర్డు రాసిపెట్టి నేను నిశ్చింతగా ఉన్నది ఆ కాపలాను నమ్ముకునే.

ఇక నా తప్పుకు వస్తాను.

కోవిడ్ రెండో విడత తగ్గుముఖం పట్టాక 2021 జూన్ 12న మనం ఆఫీసు తెరిచాం. ఆ రోజు కంప్యూటరు ఆన్ చేశాను. మళ్ళీ ఆపలేదు. కరెంటు శాఖలో పనిచేసిన వాళ్ళ సంఘానికి కరెంటు పోకూడదని యు.పి.ఎస్., దాని వెనక ఇన్వర్టరు పెట్టుకున్నాం. నూరు రోజులైనప్పుడు కార్యదర్శి గారికి గొప్పగా చూపించాను. రెండు వందలైనప్పుడు ఆయనే అడిగి చూశారు. మన రోజుల్లో ట్రిప్పు కాకుండా యూనిట్ ఇన్ని రోజులు నడిచిందని బోర్డు రాసుకునేవాళ్ళం. అదే జబ్బు నాది.

అప్‌డేట్లు వేయలేదా అంటే, ప్రతి నెలా వేశాను. అక్కడే ఉంది కిటుకు. ప్రతి నెలా కూర్చుని ఆదేశం ఇచ్చేవాణ్ణి, అక్షరాలు బరబరా పరుగెత్తేవి, అయిపోయింది అనుకునేవాణ్ణి. చివర్లో ఒక చిన్న పెట్టె వచ్చి "పూర్తి కావాలంటే రీస్టార్ట్ చేయాలి" అనేది. "తరువాత" అన్న మీట నొక్కేవాణ్ణి. తొమ్మిది నెలల్లో ఆ మీట ఎన్నిసార్లు నొక్కానో లెక్క లేదు.

2022 మార్చి 20, ఆదివారం. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే మా మేనకోడలు ఊరికి వచ్చి, నాతో పాటు ఆఫీసుకు వచ్చింది. 281 రోజులని నేను మురిసిపోతూ చూపించాను. పిల్ల మెచ్చుకోలేదు. "మావయ్యా, అయితే కొత్త కెర్నెల్ ఒక్కటీ ఎక్కలేదన్నమాట" అంది. "అదేమిటమ్మా, పోయిన వారమే వేశాను" అన్నాను. అది కూర్చుని యూనేమ్ అనే చిన్న ఆదేశం కొట్టింది. నడుస్తున్నది 5.8. డిస్కులో దిగి కూర్చున్నది 5.13.

జరిగిందేమిటంటే, కెర్నెల్ అనేది యంత్రం లేచేటప్పుడు ఒక్కసారి డిస్కు నుంచి మెమరీలోకి వస్తుంది. ఆ తరువాత యంత్రం ఆగేదాకా మెమరీలో ఉన్నదే రాజ్యం చేస్తుంది. అప్‌డేట్ వేస్తే కొత్తది వచ్చి డిస్కులో పక్కన కూర్చుంటుంది, అంతే. షిఫ్ట్ ఆపరేటర్ బదిలీ ఆర్డరు వచ్చింది, కొత్తాయన వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు. పాతాయన కుర్చీ దిగితే గదా ఈయన చార్జి తీసుకునేది! మిగతా ప్రోగ్రాములైతే మూసి తెరిస్తే కొత్తవి వస్తాయి. కెర్నెల్‌కు ఆ వెసులుబాటు లేదు. నేను తొమ్మిది నెలలపాటు బెంచీ మీద మనుషుల్ని పోగు చేశాను.

"ఏమైతే ఏం, పని జరుగుతూనే ఉంది గదా" అన్నాను. అప్పుడు మా మేనకోడలు చెప్పిన సంగతి మీరూ వినాలి.

జర్మనీలో వెబ్‌సైట్లు నడిపే ఒక సంస్థలో మాక్స్ కెల్లర్‌మన్ అనే ఇంజనీరు ఉన్నాడు. వాళ్ళ ఖాతాదారుల రోజువారీ లాగ్ ఫైళ్ళు కొన్ని పాడవుతున్నాయని 2021లో ఫిర్యాదు వచ్చింది. ఒక్కటి బాగు చేస్తే కొన్నాళ్ళకు ఇంకొకటి. నెలలు గడిచాక ఆయనకు ఒకటి తట్టింది. పాడైనవన్నీ ఎక్కువగా నెలాఖరు రోజువి, అదీ చివరి 8 బైట్లు మాత్రమే. తన ప్రోగ్రాములో తప్పు లేదని తేలాక, చివరికి వేలు కెర్నెల్ వైపు చూపింది. మనలో లెక్కల విభాగంలో చేసినవాళ్ళకు ఈ మనిషి నచ్చుతాడు. పైసా తేడా వస్తే రాత్రంతా కూర్చునే రకం.

ఆయన కనుక్కున్న లోపాన్ని మన రికార్డు రూములో పెట్టి చెబుతాను. గుమాస్తా బల్ల మీద ఒక ట్రే ఉంది. ఫైలు ఒక చోటి నుంచి ఒక చోటికి పంపడానికి వాడేది. పొద్దున అందులో ఒక చిత్తు కాగితం పెట్టి, "దీని మీద ఇంకా రాయవచ్చు" అని చీటీ తగిలించారు. ఆ పని అయిపోయింది. కాగితం తీశారు, చీటీ తీయడం మరిచారు. మధ్యాహ్నం అదే ట్రేలో ఒకరి సర్వీసు రిజిస్టరు వచ్చింది, చూసి పంపడానికి మాత్రమే. కాని చీటీ ఉంది గదా. తరువాత వచ్చినవాడు చీటీ చూసి సర్వీసు రిజిస్టరు మీదే రాసేశాడు. రిజిస్టరు మీద చేయి వేసే అధికారం వాడికి లేనేలేదు. కెర్నెల్‌లో పైపు అనే ఏర్పాటులో సరిగ్గా ఇదే జరిగింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలు మెమరీలోని ప్రతిని మామూలు వాడుకదారు మార్చేయవచ్చు. పాస్‌వర్డు ఫైలును అలా మారిస్తే యంత్రానికంతటికీ యజమాని అయిపోవచ్చు. ఈ లోపానికి డర్టీ పైప్ అని పేరు పెట్టారు. 2020 ఆగస్టులో వచ్చిన 5.8 నుంచి ఉంది. అంటే మనం 281 రోజులు గర్వంగా నడిపిన దానిలో ఉంది. గోడ మీద పాస్‌వర్డు చదివి కూర్చున్న ఎవరైనా, తలచుకుంటే, మీ నామినీ పేరు మార్చి లేచిపోవచ్చు.

దిద్దుబాటు ఎంతనుకున్నారు? రెండు వరుసలు. ట్రే ఇచ్చేముందు పాత చీటీ తీసివేయమని చెప్పే రెండు వరుసలు. కెల్లర్‌మన్ 2022 ఫిబ్రవరి 20న కెర్నెల్ భద్రత చూసేవాళ్ళకు చెప్పాడు. 23న సరిచేసిన కెర్నెళ్ళు వచ్చాయి. అందరికీ తెలిసేలా మార్చి 7న ప్రకటించాడు. ప్రకటన వచ్చిన రోజు నుంచీ మంచివాళ్ళకు ఎంత తెలుసో దొంగలకూ అంతే తెలుసు. తలుపు గడియ ఎక్కడ ఊడిందో ఊరంతా చాటింపు వేశాక కూడా బిగించుకోని ఇల్లు మనది. పదమూడు రోజులు.

ఆ సాయంత్రం ఇక రీస్టార్ట్ చేశాం. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది.

తెర నల్లబడింది, నాలుగు వరుసల ఇంగ్లీషు వచ్చింది, నిలిచిపోయింది. కెర్నెల్ పానిక్ అంటారట. యంత్రానికేమో గాని నాకు మాత్రం వచ్చింది. ఎందుకంటే మర్నాడు సోమవారం పదకొండింటికి ఒక సోదరి రావలసి ఉంది. ఆమె భర్త పోయి నెల కాలేదు. సహాయ నిధి చెక్కుకు కావలసిన నామినేషన్ ప్రతి ఆ యంత్రంలోనే ఉంది. అసలు కాగితం వానకు తడిసిన వాటిలో పోయింది. పెన్ డ్రైవులోకి చివరిసారి నకలు తీసింది డిసెంబరులో. ఆయన నామినేషన్ మార్చుకున్నది జనవరిలో.

నా మొహం చూసి మా మేనకోడలు "కంగారు పడకండి మావయ్యా, పాత కెర్నెల్‌ను ఇది పారేయదు" అంది. మళ్ళీ ఆన్ చేసి, లేచే మొదట్లో ఒక మీట నొక్కి జాబితా తెప్పించింది. అందులో పాత 5.8 ఉంది. దాన్ని ఎంచితే యంత్రం మామూలుగా లేచింది. ఊపిరి పీల్చుకుని ముందు చేసిన పని, రికార్డులన్నిటికీ పెన్ డ్రైవులో నకలు తీయడం. నిజానికి రీస్టార్ట్‌కు ముందే చేయవలసిన పని అది.

లోపం ఎక్కడంటే, కెర్నెళ్ళు పెట్టుకోవడానికి డిస్కులో బూట్ అనే చిన్న గది ఉంటుంది. మొదట్లో డిస్కు భాగాలు చేసినప్పుడు పొదుపని ఆ గది మరీ చిన్నగా కట్టింది నేనే. కొత్తవి వచ్చి చేరి అది నిండిపోయింది. చివరిగా వచ్చిన కెర్నెల్ సగం మాత్రమే దిగింది. అది లేవడానికి కావలసిన తోడు ఫైలు తయారు కాలేదు. ఆ సంగతి అప్‌డేట్ వేసినప్పుడు చివర్లో చెప్పనే చెప్పింది. బరబరా పరుగెత్తే అక్షరాలు నేను చదివితే గదా! మధ్యలోని పాత కెర్నెల్‌ను తీసేసి, గదిలో చోటు చేసి, కొత్తదాన్ని పూర్తిగా దింపి, మళ్ళీ రీస్టార్ట్ చేశాం. రాత్రి తొమ్మిదిన్నరకు 5.13 మీద లేచింది. లాగ్‌లన్నీ పరిశీలించింది, ఎవరూ చేయి పెట్టిన జాడ కనబడలేదు. గోడ మీది కాగితం నేనే చింపాను. సోమవారం ఆ సోదరి పని సవ్యంగా అయింది. ఆ రాత్రి సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. ఈ సభలోనే ఉన్నారు, క్షమించాలి.

ఇది లైనక్స్ గోల, మా ఇంట్లో విండోస్ ఉంది అనేవారికి ఒక్క మాట. 2017 మే 12న వనాక్రై అనే పురుగు ప్రపంచం మీద పడింది. అది దూరింది కూడా విండోస్ కెర్నెల్‌లో నడిచే ఒక భాగం గుండానే, ఫైళ్ళు ఒకరితో ఒకరు పంచుకోవడానికి పెట్టిన పాత ఏర్పాటులోంచి. మైక్రోసాఫ్ట్ దానికి మందు మార్చి 14నే ఇచ్చింది. 59 రోజుల వ్యవధి. వేసుకోని వాళ్ళలో చాలామంది ఫైళ్ళకు తాళం పడి, డబ్బు కడితే తీస్తామన్నారు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు వేల అపాయింట్‌మెంట్లు రద్దు చేశాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో కూడా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకు అది సోకిందని అప్పట్లో పత్రికల్లో చదివాం. ఇళ్ళలో విండోస్ 10 ఉన్నవారు గమనించాలి, దానికి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పేరు నమోదు చేసుకుంటే ఒక ఏడాది పొడిగింపు ఇచ్చారు గాని, అది వాయిదా మాత్రమే. మన ఉబుంటుకూ వయసు ఉంది. 2020లో వచ్చిన 20.04కు మామూలు మద్దతు 2025 మేలో ముగిసింది. అంతకు ముందే మనం తరువాతి దానికి మారాం.

అప్‌డేట్ వల్లే కొంప మునగదా అని మన ఉపాధ్యక్షులు నిన్న అడిగారు. మునుగుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు ఫైలుతో ప్రపంచంలో దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలం తెర వేసుకుని కూలబడ్డాయి. విండోస్ కెర్నెల్‌లోనే కూర్చునే ప్రోగ్రాము గనక అది తప్పటడుగు వేస్తే యంత్రం మొత్తం పడిపోయింది. ఆ రోజు మన దేశంలో విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. మన తరం దస్తూరీకి ఒక్కరోజు గిరాకీ వచ్చింది. కనుక భయం ఉండవలసిందే. అయితే భయపడి ఏం చేస్తామన్నదే ప్రశ్న. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావుపాటి తీగ చుట్టేసినవాణ్ణి మనం ఏమనేవాళ్ళం? "తరువాత" మీట నొక్కడమూ ఆ కోవలోదే.

ఆపకుండా వేసే దారి లేదా అంటే, ఉంది. మన హాట్ లైన్ గ్యాంగు గుర్తున్నారా? లైను బతికుండగానే ఇన్సులేటర్లు మార్చేవాళ్ళు, చూస్తే ఒళ్ళు జలదరించేది. కెర్నెల్‌కూ అలాంటి విద్య వచ్చింది. అమెరికాలో ఎం.ఐ.టి. విద్యార్థులు 2008లో కెస్ప్లైస్ పేరుతో చేసి చూపించారు. 2015లో వచ్చిన 4.0 నుంచి లైనక్స్ లోపలే దానికి ఏర్పాటు ఉంది. నడుస్తున్న కెర్నెల్‌లో చెడిన ముక్కను పక్కదారి పట్టించి మంచి ముక్క మీదికి మళ్ళిస్తారు. అయితే హాట్ లైన్‌లో అన్ని పనులూ అవవు గదా, ఇక్కడా అంతే. పెద్ద మార్పులకు ఆపక తప్పదు. క్షణం ఆగినా నష్టపోయే పెద్ద యంత్రాలకు అది అవసరం. ఆదివారాలు తాళం వేసి ఉండే మన ఆఫీసుకు ఆ హంగామా దేనికి? పద్ధతిగా ఎల్.సి. తీసుకుని, లైను చంపి, పని చేసుకుని, చార్జి చేద్దాం.

ఇప్పుడు మీ జేబుల్లోని ఫోన్ల సంగతి. పెన్షను వచ్చే ఖాతా అందులోనే ఉంది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చింది, 2021 నవంబరు నుంచి ముఖం చూపించి కూడా లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. కేంద్ర పెన్షనర్లు చాలామంది ఇలాగే ఇస్తున్నారు. అదే ఫోనులో మనవడు ఆటలు దింపుతాడు. ఆ ఆటకూ మీ బ్యాంకుకూ మధ్య గోడ కెర్నెలే. సెట్టింగులలో ఫోను వివరాలు అన్న చోట చూస్తే "సెక్యూరిటీ ప్యాచ్" అని ఒక తేదీ ఉంటుంది. ఆ తేదీ రెండు మూడు నెలల లోపుదైతే సరే. రెండేళ్ళ నాటిదై, కొత్తవి రావడం మానేసి ఉంటే, ఆ ఫోను పాటలు వినడానికి, ఫోటోలు చూడడానికి ఉంచుకోండి గాని బ్యాంకు పనికి వద్దు. కొత్తది కొనేటప్పుడు కెమెరా ఎంత అని గాక, ఎన్నేళ్ళు అప్‌డేట్లు ఇస్తారని అడగండి. 2023లో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్, 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ళు ఇస్తామన్నాయి. చౌక ఫోన్లకు అంతకాలం రావు. నా పెన్షనుకు ఆ ఖరీదైనవి అందవు, నేనూ మధ్యరకమే వాడుతున్నాను.

ఇంకొకటి, గట్టిగా చెప్పాలి. అప్‌డేట్ అనేది ఫోను సెట్టింగులలోంచే వస్తుంది. వాట్సాప్‌లో ఫైలుగా రాదు. "పెన్షన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం, మీ ఫోనుకు భద్రతా అప్‌డేట్ వేస్తాం, ఈ లింకు నొక్కండి" అనేవాడు దొంగ. వాడు మీ పి.పి.ఓ. నంబరు సరిగ్గా చెప్పినా సరే, దొంగే. ఫోను పెట్టేయండి, మర్యాద అక్కర్లేదు.

నేను అడగదలచిన అనుమతి ఇది. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ వారు తమ మరమ్మతులు విడుదల చేస్తారు, 2003 నుంచీ అదే పద్ధతి. మనం రెండో శనివారం పెట్టుకుందాం. ఉదయం పది నుంచి పదకొండు దాకా కంప్యూటరు మీకు దొరకదు. ముందు నకలు తీస్తాం. బూట్ గదిలో చోటు ఉందా చూస్తాం. అప్‌డేట్ వేసి, చివరి వరుస దాకా చదివి, రీస్టార్ట్ చేసి, నడుస్తున్న కెర్నెల్ నంబరు చూసి పుస్తకంలో రాస్తాం. పాత లాగ్ షీటు లాగే, తేదీ, సమయం, నంబరు, సంతకం. సంతకాలు రెండు ఉండాలి. ఒక్కడే ఉంటే "తరువాత" మీట మీదికి వేలు పోతుందని నాకు అనుభవం. అత్యవసరమైన లోపం బయటపడితే శనివారం కోసం ఆగం, ఆ రోజే తాళం తీస్తాం.

రెండో సంతకానికి మనిషి కావాలి. కంప్యూటరు రాకపోయినా ఫరవాలేదు, తెర మీద వచ్చిన నంబరు చూసి రాయగలిగితే చాలు. రిటైర్డ్ షిఫ్ట్ ఆపరేటర్లు ఎవరైనా ముందుకు వస్తే ఇంకా మంచిది, పుస్తకం నింపకుండా కుర్చీ దిగే అలవాటు వాళ్ళకు లేదు. భోజనాలయ్యాక నేను కిటికీ పక్కనే ఉంటాను. లైఫ్ సర్టిఫికెట్ పనికి వచ్చేవారు మాత్రం వచ్చే రెండో శనివారం పదకొండు దాటాకే రండి. అట్టముక్క మీద ఈసారి సమయం కూడా రాసి పెడతాను.